గుఱ్ఱము జాషువ కవిగారి జీవితము: మార్పులలో మాసిపోని వరము

చదువవలసిన వాక్యభాగములు: యెహోషువ 1వ అధ్యాయము, ప్రసంగి 3వ అధ్యాయము, మత్తయి 25వ అధ్యాయము.



మార్పు లేని కాపురము లేదు. ఏటేట వాన కొరకు ఎదురుచూచు మెట్టరైతునకు ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. పనియున్న చేతికి పని లేకపోవును. పుట్టినయూరు విడిచి పట్టణము చేరవలసివచ్చును. పెంచిన బిడ్డలు దూరము పోవుదురు. భార్యాభర్తలలో ఒకరు ముందు వెళ్లిపోవుదురు, రెండవవారు ఒంటరిగా గడపలో కూర్చుందురు. అట్టి వేళలలో మన సంఘస్థులు మా యొద్దకు వచ్చి, తామిక దేనికి పనికివత్తుమని అడుగుచుందురు. ఆకలిబాధ కంటెను, జబ్బు కంటెను ఆ ప్రశ్నయే మనుష్యుని ఎక్కువగా క్రుంగదీయుటను మేము చూచుచున్నాము.

దీనికి జవాబు వెదకుటకు మేము ఈ నెల దూరదేశపు భక్తుల చరిత్రలు తెరువలేదు. మన సీమలోనే పుట్టి, సువార్త పనివారి యింటిలో పెరిగి, తెలుగుదేశమంతట పేరొందిన గుఱ్ఱము జాషువ కవిగారి జీవితమును మీ ముందుంచుచున్నాము. అమరావతి మొదలు మాచర్ల వరకు గల మన పల్లెలలో ఆయన పేరు వినని క్రైస్తవ కుటుంబము అరుదు. ఆయన విగ్రహములు కూడళ్లలో కలవు. విగ్రహము ఒకచోటనే నిలిచియుండును. గాని ఆ మనుష్యునికి మాత్రము ఒక్కచోట నిలుచు భాగ్యము చాలకాలము వరకు కలుగలేదు.

జాషువగారు 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించెను. ఆనాడది కృష్ణా జిల్లాలోనిది. 2022వ సంవత్సరములో క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కొండక్రింది వినుకొండయు, కృష్ణయొడ్డున గల అమరావతియు పల్నాడు జిల్లాలోనికి వచ్చెను. కాబట్టి ఇప్పుడాయన మన జిల్లావాడే. తండ్రి వీరయ్యగారు గొల్లకులములో పుట్టి సువార్త పనిలో నున్నవారు. తల్లి లింగమ్మగారు మాదిగకులస్థురాలు. ఆ దినములలో అట్టి వివాహము చేసికొనుటయే గొప్ప సాహసము. ఆ సాహసమునకు వెల చెల్లించినది మాత్రము వారి బిడ్డలు. బడిలోను వీధిలోను అంటరానివాడను మాట ఆ బాలుని వెంబడించెను.

వారు ఆ బిడ్డకు జాషువ అని పేరు పెట్టిరి. మన బైబిలులో యెహోషువ అని చదువుకొను పేరే ఇది. మోషే మరణించిన పిమ్మట, వెనుకకు పోవుటకు వీలులేక, ముందు పొంగుచున్న యొర్దాను ఎదుట నిలువబడినవాని పేరది. ఈ బిడ్డ తన బ్రతుకులో ఎన్ని యొర్దానులు దాటవలసివచ్చునో ఆ తలిదండ్రులు ఎరుగరు.

బాల్యమందే ఆయనకు బొమ్మలు గీయుటయందును పాటలు పాడుటయందును ఆసక్తి కలిగెను. వినుకొండలో ఆయనకొక స్నేహితుడుండెను. దీపాల పిచ్చయ్యశాస్త్రిగారని తరువాతి కాలమున కవిగా పేరొందినవారు ఆయనే. బ్రాహ్మణుల యింటి బాలుడును, క్రైస్తవుల యింటి బాలుడును కలిసి పద్యములు చెప్పుకొనుచుండిరి. జంటకవులై కలిసి వ్రాయవలెనని కూడ తలంచిరి. గాని వారి రెండు పేర్లు జతగా పలుకుటకు కుదురలేదని ఆ తలంపు మానుకొనిరట. పేర్లు కలియకపోయినను స్నేహము కలిసెను. ఊరు గీచిన గీతను ఇద్దరు పిల్లలు దాటిరి.

సంస్కృతము నేర్వవలెనను కోరిక ఆయనకు బలముగా నుండెను. ఆ చదువు తనవంటి వానికి కాదని చెప్పువారే ఎక్కువగా నున్న దినములవి. అయినను జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు ఆయనను శిష్యునిగా చేర్చుకొని కాళిదాసుని మేఘదూతమును, రఘువంశమును, కుమారసంభవమును చెప్పిరి. ద్వారములు మూసినవారి సంగతి మనము తరచుగా చెప్పుకొందుము. ద్వారము తెరచిన వారిని కూడ జ్ఞాపకము చేసికొనుట న్యాయము.

వినుకొండలో ఒకసారి అవధానసభ జరిగెను. ఆ సభలో జాషువగారు తన పద్యములు చదివెను. పద్యములలో తప్పు పట్టుటకు బదులు, ఇట్టి కులమువానిని సభలోనికి ఏల రానిచ్చిరని కొందరు గద్దించిరి. విద్య నేర్చినను కూర్చుండుటకు చోటు దొరకదని ఆయనకు ఆనాడే తెలిసెను. అక్కడితో పద్యము మానివేసిన యెడల లోకములో ఎవరును ఆయనను తప్పుపట్టియుండరు. ఆయన మానలేదు.

1910వ సంవత్సరమున, పదునైదేండ్ల ప్రాయములో, ఆయనకు వివాహమాయెను. ఒక మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతముమీద ఉపాధ్యాయుడుగా పనిచేసెను. ఆ పనియు పోయెను. చేతిలో రూపాయి లేదు, ఇంట భార్య యున్నది. ఆయన వినుకొండ విడిచి గోదావరియొడ్డున గల రాజమహేంద్రవరమునకు వెళ్లెను. అక్కడ 1915, 1916 సంవత్సరములలో చేసిన పని ఎట్టిదో నేటి పిల్లలు ఊహింపలేరు. ఆనాటి సినిమాలలో బొమ్మ కదలునేగాని మాట వినబడదు. తెరమీద కథ జరుగుచుండగా, ప్రక్కన నిలిచి ఆ కథను సంభాషణలతో సహా చదివి వినిపించుటకు ఒక మనుష్యుడు కావలెను. వానిని వాచకుడనిరి. జాషువగారు ఆ వాచకుడాయెను. 1932వ సంవత్సరములో తెలుగున మాటలాడు సినిమా వచ్చిన మీదట ఆ వృత్తియే లేకుండ పోయెను.

దీనిని పొట్టకూటి పని యని త్రోసివేయవచ్చును. గాని మాకు వేరొక సంగతి తోచుచున్నది. చదువురాని జనము కూర్చున్న కొట్టులో, దీపములార్పిన చీకటిలో, గొంతు మాత్రమే సాధనముగా కథ నడిపించుట ఎంతటి శిక్షణ! అక్కడ కఠినమైన సమాసము చెల్లదు. చెప్పినమాట చెవిని పడిన తక్షణమే హృదయమునకు చేరవలెను. తరువాతి కాలమున ఆయన పద్యము పండితునికిని పాలేరునకును ఒక్కరీతిగా అర్థమగుటకు ఆ చీకటికొట్టులోని అనుభవము కూడ తోడ్పడియుండునని మేము తలంచుచున్నాము. దాసుడై అమ్మబడిన యోసేపు పోతీఫరు ఇంట లెక్కలు చూచుట నేర్చెను. చెరసాలలో మనుష్యులను నడిపించుట నేర్చెను. ఆ రెండును కరవుకాలములో దేశమును పోషించుటకు పనికివచ్చెను. నడుచునప్పుడు త్రోవ వంకరగా కనబడును. కొండయెక్కి వెనుకకు చూచినప్పుడు గాని అది ఎక్కడికి తెచ్చినదో తెలియదు.

తరువాత ఆయన గుంటూరు చేరెను. అక్కడ లూథరను సంఘమువారు నడుపుచున్న ఉపాధ్యాయ శిక్షణాలయములో పదియేండ్లు పనిచేసెను. 1928 మొదలు 1942 వరకు గుంటూరులోనే ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడుగా నుండెను. ఉభయభాషాప్రవీణ పట్టమును పొందెను. ఒకప్పుడు సభనుండి లేచిపొమ్మనిపించుకొన్నవాడు ఇప్పుడు భాష నేర్పు గురువాయెను. స్థిరమైన జీతము, పిల్లలు, ఇల్లు, బడి. ఇట్టి నెమ్మది దొరకినప్పుడు అనేకులు తమ వరమును అటకమీద పెట్టుదురు. జాషువగారు ఆ యేండ్లలోనే తన గొప్ప కావ్యములు వ్రాసెను.

1932లో ఫిరదౌసి అను కావ్యము వెలువడెను. పారసీకదేశపు కవియొకడు రాజు మాట నమ్మి ముప్పదియేండ్లు కష్టపడి అరువదివేల పద్యములు వ్రాయగా, బంగారునాణెములు ఇత్తునన్న రాజు వెండినాణెములు పంపిన కథ యది. కూలి పూర్తిగా ముట్టనివాని దుఃఖము మన పల్లెలలో ఎవరికి తెలియదు? మరి తొమ్మిదేండ్లకు, 1941లో, గబ్బిలము వచ్చెను. కాళిదాసుని యక్షుడు మేఘముతో సందేశము పంపెను. జాషువగారి కథానాయకుడు గుడిలో అడుగుపెట్టుటకు వీలులేని పేదవాడు. వాని గుడిసెలోనికి రాత్రివేళ ఒక గబ్బిలము వచ్చును. లోకము దానిని అపశకునమనును. గాని ఆ గబ్బిలము గుడిలోనికి పోగలదు, దేవుని చెంత వ్రేలాడగలదు. మనుష్యుడు పోలేడు. కాబట్టి వాడు తన మొరను కాశీనాథునికి ఆ గబ్బిలము చేత చెప్పి పంపును. తాను కష్టపడి నేర్చుకొన్న మేఘదూతమును, తాను పడిన అవమానమును కలిపి ఆయన ఈ గ్రంథము చేసెను. బాధ ఊరకయే బాధగా మిగిలిపోలేదు. వేలమంది బాధకు నోరాయెను.

ఆయన వ్రాసిన శ్మశానవాటి పద్యములను మన పెద్దలు ఎరుగుదురు. బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి సత్యహరిశ్చంద్ర నాటకము పల్లెపల్లెను ఆడినప్పుడు, నటులు కాటిసీనులో ఆ పద్యములను చేర్చి పాడిరి. తెల్లవారుజాము వరకు కూర్చున్న జనము మరల మరల పాడించుకొనిరి. ఆ పద్యములలో చావు ఎదుట రాజును బికారియు సమానులే. వాటిని విని కన్నీరు పెట్టినవారిలో, ఆ కవి తమ గడపయెదుట నిలిచిన యెడల లోపలికి రమ్మనియుండనివారును కలరు. ఆయన పద్యము మెచ్చుకొని, కులము తెలిసిన తరువాత లేచిపోయినవారి సంగతి ఆయనయే తన పద్యములలో చెప్పుకొనెను. మనుష్యుని ఆపిన గడప ఆయన మాటను ఆపలేకపోయెను.

ఇక్కడ మన సంఘములు వినవలసిన సంగతి యొకటి కలదు. ఆయనను త్రోసినది ఒక ప్రక్కవారు మాత్రమే కాదు. హిందువుల పురాణకథలు వ్రాయుచున్నాడని ఆనాటి క్రైస్తవులలో కొందరు ఆయనను వెలివేసిరి. పుట్టుక చూచి ఒకరు తలుపు మూసిరి, వ్రాత చూచి వేరొకరు మూసిరి. ఆయనయు కులమతముల గోడలలో తాను ఇమడలేనని, లోకమందలి మనుష్యులందరికిని చెందినవాడనని చెప్పుకొనెను. కాబట్టి ఆయనను సంఘపు భక్తునిగా అలంకరించి చూపుట మా ఉద్దేశము కాదు. ఉన్నవానిని ఉన్నట్లు చూపుటయే సత్యమునకు తగినది. యబ్బోకు రేవులో రాత్రియంతయు పెనుగులాడి కుంటుచు వచ్చిన యాకోబును మన గ్రంథము మనకు దాచలేదు గదా.

1942వ సంవత్సరమున బడిపంతులు పని ముగిసెను. అప్పుడాయనకు దాదాపు నలువదియేడేండ్లు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో యుద్ధప్రచారకుడుగా పనిచేసెను. 1946లో గబ్బిలము రెండవ భాగము వచ్చెను. మహాత్మాగాంధి హతుడైన 1948వ సంవత్సరములోనే బాపూజీ అను కావ్యము వచ్చెను. వృత్తి మారినను, ప్రభుత్వము మారినను, చేతిలోని కలము మారలేదు.

ఆ దినములలో తెలుగు కవులకందరికి గురువుగా నెన్నబడిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వయముగా తమచేతితో జాషువగారి కాలికి గండపెండేరము తొడిగిరి. బ్రాహ్మణుడైన వృద్ధపండితుడు వంగి అంటరానివాడన్న కవి పాదమును తాకుటను కనులారా చూచినవారికి అది చిన్నసంగతి కాదు. శిష్యుల పాదములు కడిగిన మన ప్రభువును ఎరిగినవారికి ఆ దృశ్యము యొక్క అర్థము మేము వివరించనక్కరలేదు.

1957లో, అనేకులు విశ్రాంతి తీసికొను ప్రాయమున, ఆయన మద్రాసు రేడియో కేంద్రములో కార్యక్రమ నిర్మాతగా క్రొత్తపని చేపట్టి 1959 వరకు చేసెను. చీకటికొట్టులో తెరప్రక్కన మొదలైన గొంతు ఇప్పుడు ఆకాశమార్గమున ఇండ్లకు చేరెను. ఆ మధ్యనే, 1958లో, క్రీస్తుచరిత్ర అను కావ్యము వెలువడెను. సువార్త పనివాని కుమారుడు ఆ కథను పసితనమునుండి వినియుండును. దానిని కావ్యముగా లోకమునకిచ్చినది అరువదియేండ్లు దాటిన పిమ్మట. వెలివేయబడి, ఆకలిగొని, మెప్పును నిందను రుచిచూచిన తరువాత ఆయన గలిలయవాని కథ చెప్పెను. ఆ గ్రంథమునకే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. అదే సంవత్సరము ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో సభ్యత్వము లభించెను.

మన సీమను ఆయన మరువలేదు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచిరి. కరవుసీమలో పుట్టిన ఈ కవి 1966లో నాగార్జునసాగరము అను కావ్యము వ్రాసెను. అప్పటికాయనకు డెబ్బది యేండ్లు. ముసలితనమున గడచిన దినములనే తలంచుకొని కూర్చుండక, రాబోవు నీటిని చూచి ఆనందించిన హృదయమది. ఆ వయస్సుననే నా కథ అను పేరుతో తన జీవితమును పద్యములలో చెప్పెను. 1970లో పద్మభూషణ బిరుదము వచ్చెను. 1971 జూలై 24వ తేదీన గుంటూరులో కన్నుమూసెను.

ఆయన కుమార్తె హేమలతా లవణంగారు తండ్రి కలమును పట్టినవారే. అంతటితో నిలువక స్టువర్టుపురములో దొంగలని ముద్రవేయబడిన కుటుంబముల మధ్యను, జోగినులుగా విడువబడిన స్త్రీల మధ్యను పనిచేసి 2008లో పరమపదించిరి. తండ్రి పద్యములో అడిగిన న్యాయమును బిడ్డ చేతలతో వెదకెను.

ప్రియులారా, ఈ జీవితమునుండి మనకు కలుగు బోధ ఏది?

మొదటిది, పని వేరు, వరము వేరు. జాషువగారు బడిపంతులు, సినిమా వాచకుడు, పండితుడు, యుద్ధప్రచారకుడు, రేడియో ఉద్యోగి, మండలిసభ్యుడు ఆయెను. ఈ పనులన్నియు ఒకదాని తరువాత ఒకటి ముగిసెను. వరము ముగియలేదు. మీ పని పోయిన దినమున మీరు పోయినట్లు తలంచవద్దు. నాట్లు వేయలేని ముసలమ్మకు పాట వచ్చును. మగ్గము విడిచిన నేతగానికి ఓర్పు కలదు. కాలు విరిగిన రైతునకు ఏ నేలలో ఏ గింజ మొలచునో తెలియును. పాతిపెట్టిన తలాంతును గూర్చి యజమానుడు ఏమి తలంచెనో మత్తయి 25వ అధ్యాయములో చదువుడి. ఆ దాసుడు తలాంతును దొంగిలించలేదు, పాడుచేయలేదు. భయపడి దాచెను, అంతే.

రెండవది, బాధను గురువుగా చేసికొనవచ్చును. దారిద్ర్యమును, కులభేదమును తన ఇద్దరు గురువులని జాషువగారు చెప్పుకొనెను. మొదటిది ఓర్పును నేర్పెననియు, రెండవది ఎదిరించు బలమునిచ్చెననియు ఆయన భావము. ఓర్పు ఒక్కటే యున్నయెడల మనుష్యుడు బానిసయగును. ఎదిరింపు ఒక్కటే యున్నయెడల లోపల కాలిపోవును. ఆయన ఆ రెంటిని కలిపి పద్యమను పనిలో పెట్టెను. ఆయన కోపము సంఘపు దురాచారముపైనేగాని మనుష్యులపైన కాదు. మనస్సునకు ఆరోగ్యమిచ్చు మార్గమిదే యని మేము నమ్ముచున్నాము. అన్యాయమును మంచిదనుట దీనత్వము కాదు. అన్యాయము చేసినవానిని ద్వేషించుటయు ధైర్యము కాదు.

మూడవది సంఘమునకు సంబంధించినది. మన మధ్య క్రొత్తరీతిగా పాడువాడో, బొమ్మలు వేయు బిడ్డయో, మనకు అలవాటులేని మాట చెప్పు యౌవనుడో ఉండవచ్చును. వాడు మన కొలతకు సరిపోడని తలుపు మూయక మునుపు వినుకొండ బాలుని జ్ఞాపకము చేసికొందము. ఒక హనుమచ్ఛాస్త్రిగారు తలుపు తెరువనియెడల గబ్బిలము లేదు. మన సంఘములలో తలుపు తెరచువారు ఎందరు?

ప్రసంగి 3వ అధ్యాయములో ప్రతిదానికి కాలమున్నదని చదువుదుము. నాటుటకును పెరుకుటకును కాలమున్నప్పుడు, నాటినవాడు పెరుకు కాలము వచ్చినదని దిగులుపడనక్కరలేదు. కాలములను మార్చు దేవుడు కాలముతోపాటు మనలను విడిచిపెట్టడు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఈ మూడు సంగతులు ధ్యానించుడి. గడచిన పదియేండ్లలో నా యింటికి వచ్చిన మార్పులలో నేనింకను ఒప్పుకొననిది ఏది? నేను భయపడి పాతిపెట్టిన వరము ఏది? మా వీధిలో ఎవరి వరమునకు మేము తలుపు తెరువవలసియున్నది? ధ్యానించి ఊరకుండక, ఆ వరమును ఈ వారములోనే బయటికి తీయుడి. పాటయైన పాడుడి, కథయైన పిల్లలకు చెప్పుడి, మూలనున్న మగ్గమైన మరల బిగించుడి. యొర్దాను ఎదుట నిలిచినవారు నీటిలో పాదము పెట్టిన తరువాతనే త్రోవ తెరువబడెను.

దేవుని సమాధానము మీ గృహములలో నిలుచునుగాక. ఆమేన్.